ఆ బిడ్డ ఎవరి కర్మఫలమూ కాదు

వడమాలపేట మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం నా ఉద్యోగం. అయితే తల్లుల నోట నేను ఎక్కువగా వినే మాట చదువు గురించి కాదు. “ఏ జన్మలో ఏం పాపం చేసినానో మేడమ్, నా బిడ్డ ఇట్ల పుట్టినాడు.” మా భవిత కేంద్రంలో ఫిజియోథెరపీకి బిడ్డను చాప మీద పడుకోబెడుతూ అంటారు. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి జిరాక్సు కాగితాలు సర్దుకుంటూ అంటారు. కదల్లేని పిల్లలకు ఇంటికే వెళ్ళి పాఠం చెబుతాం. అక్కడ మంచినీళ్ళ చెంబు చేతికిస్తూ అంటారు. అని నా ముఖంలోకి చూస్తారు. వాళ్ళకు నా దగ్గర్నుంచి జవాబు కావాలి.

మా వృత్తిలో శిక్షణలకు లోటు లేదు. 1992 చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలి దగ్గర మా పేర్లు నమోదై ఉంటాయి. ఆ నమోదు నిలబడాలంటే ఎప్పటికప్పుడు సీఆర్ఈ (నిరంతర పునరావాస విద్య) శిక్షణలకు వెళ్ళాలి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన, మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ తయారుచేసిన పరిశీలన పట్టికలు మాకు రోజువారీ పనిముట్లు. 1995 చట్టంలో 7 రకాలుగా ఉన్న వైకల్యాలు 2016 చట్టంలో 21 అయ్యాయి. వాటిని చిన్న వయసులోనే గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఒక పనిని మెట్లుగా విడగొట్టి, ఆఖరి మెట్టు నుంచి నేర్పడం నేర్చుకున్నాం. నిక్కరు నడుము దగ్గరి దాకా మనం ఎక్కించి, చివరి లాగుడు మాత్రం బిడ్డకు వదిలేస్తే, పని పూర్తిచేసిన సంతోషం వాడిదవుతుంది. ఈ విద్య మీద నాకెంతో గౌరవం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు సంగటి తినిపించడం చూస్తే ఆ గౌరవం ఎందుకో తెలుస్తుంది. తల్లి బిడ్డను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకుంటుంది. తల వెనక్కి వాలుతుంది. పప్పుతో మెత్తగా కలిపిన సంగటి నోట్లో పెట్టగానే పొలమారుతుంది, ఒళ్ళు కొయ్యలా బిగుసుకుంటుంది, నాలుక ముద్దను బయటికి నెట్టేస్తుంది. తినడం ఇష్టంలేక ఊసేస్తున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. మేం చెప్పేది ఇంతే: వెన్ను నిటారుగా ఉండేట్టు గోడ మూలలోనో కుర్చీలోనో కూర్చోబెట్టండి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, మీరు ఎదురుగా వాడి కళ్ళ ఎత్తున కూర్చోండి, ముద్ద చిన్నదిగా పెట్టి మింగిందాకా ఆగండి. కొన్నాళ్ళకు పొలమారడం తగ్గుతుంది. అన్నాళ్ళూ భయంతో వాడి గొంతునే గమనించిన తల్లి అప్పుడు వాడి ముఖం చూస్తూ తినిపిస్తుంది.

ఇంత మార్పు కళ్ళారా చూశాక కూడా ఆ తల్లి పాపం మాట ఎత్తుతుంది. ఆ ప్రశ్నకు శిక్షణ పుస్తకాల్లో జవాబు వెతకడం అన్యాయం. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

వైద్యం చెప్పే జవాబు ఒకటుంది, దాన్ని తప్పక చెప్పాలి. కాన్పు కష్టమై బిడ్డ మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన కొత్తలో కామెర్లు ముదిరిపోవడం వల్ల సెరిబ్రల్ పాల్సీ రావచ్చు. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోములు రెండు ఉండాల్సిన చోట మూడుంటాయి. మేనరికాల్లో కొన్ని జన్యు జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది. పక్కనున్న పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరుపడింది; బిగుసుకున్న కాళ్ళకూ కట్టు కట్టిస్తే సరిపోతుందా అని మా వైపు తల్లులు అడుగుతారు. ఇబ్బంది ఎముకలో లేదమ్మా, కాళ్ళను నడిపించే మెదడులో ఉంది అని విడమరిచి చెప్పాలి. కానీ ఎట్లా జరిగిందో తెలిసినంత మాత్రాన నాకే ఎందుకు అన్న బాధ తీరదు. ఒక్కోసారి పాపం దిగిపోయిన చోటే ఇంకో నింద ఎక్కి కూర్చుంటుంది. ఆ రాత్రి ఆటో తొందరగా దొరికుంటే, మేనమామను చేసుకోకుండా ఉంటే అని తల్లి తన మీద తానే మళ్ళీ విచారణ మొదలుపెడుతుంది.

నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. అప్పలాయగుంట ప్రసన్న వేంకటేశ్వరుడికి మనసారా దండం పెట్టుకుంటాను. కర్మ లేదని ఆ తల్లితో అనలేను, ఉందని నేనూ నమ్ముతాను కాబట్టి. నా అభ్యంతరం వేరే. ఒకరి కర్మను ఇంకొకరు చదివి చెప్పే అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది? కర్మ గతి అంతు చిక్కనిదని గీతలో కృష్ణుడే అర్జునుడితో అన్నాడు. కర్మఫలం ఆలోచనకు అందదని, దాని అంతు చూడబోతే మతి చెడుతుందని బుద్ధుడు హెచ్చరించాడు. అంతటివాళ్ళు ఆగిన చోట మనం ఆగకుండా, బిడ్డ కాళ్ళు చూసి తల్లి గతజన్మ తేల్చేస్తే అది భక్తి కాదు, అహంకారం.

భారతంలో అష్టావక్రుడి కథ ఉంది. కడుపులో ఉండగానే తండ్రి కహోడుడి వేదపాఠంలో తప్పు పట్టాడు. శిష్యుల ఎదుట చిన్నతనమైందని తండ్రి కోపించి శపించాడు. బిడ్డ ఎనిమిది వంకరలతో పుట్టాడు. ఈ కథలో పాపం చేసిందెవరు? బిడ్డ చెప్పింది నిజం. తల్లి ఏ తప్పూ చేయలేదు. తప్పంటూ ఉంటే అది పెద్దమనిషి కోపానిదే. పన్నెండేళ్ళ వయసులో ఆ పిల్లవాడు జనకుడి సభకు వెళితే ద్వారపాలకుడు అడ్డుకున్నాడు. వాదించి లోపలికి వెళ్ళి, ఆస్థాన పండితుడు వందిని గెలిచి, అతని చేతిలో ఓడి నీళ్ళపాలైన తండ్రిని వెనక్కి తెచ్చుకున్నాడు. ఇన్ని తరాలుగా ఈ కథ చెప్పుకుంటూ వంకరలనే గుర్తుపెట్టుకున్నాం. శపించిన నోటినీ, అడ్డుపడిన ద్వారాన్నీ మరిచిపోయాం.

మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చర్చికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదని యేసు చెప్పినట్టు యోహాను సువార్తలో ఉంది. అని ఊరుకోలేదు, పగలుండగానే చేయవలసిన పని గురించి మాట్లాడాడు. దారులు వేరైనా ఇద్దరు తల్లులకూ ధైర్యం ఇవ్వగల మాట వాళ్ళ గ్రంథాల్లోనే ఉందని నాకు అర్థమైంది.

నింద మీద చెప్పింది పొగడ్తకూ వర్తిస్తుంది. “నీ అంత ఓపిక ఉన్న తల్లి అని చూసే దేవుడు నీకిచ్చినాడు” అని ఓదార్చేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు. కానీ పాపఫలం అన్నా, పరీక్ష అన్నా, వరం అన్నా ఆ మూడు మాటల్లోనూ బిడ్డ లేడు. అన్నీ తల్లిదండ్రుల కథలే. వాడికి ఆకలి ఉంది, కోపం ఉంది, బస్సు హారను వినిపిస్తే నవ్వు ఉంది, నచ్చిన మనిషి వస్తే చెయ్యి ఎత్తే ప్రయత్నం ఉంది. వాడు తన కోసం పుట్టాడు, మనలాగే.

కర్మను నమ్మేవాళ్ళు చూసుకోవాల్సింది తమ లెక్క. ఆ బిడ్డను పెళ్ళికి తీసుకురావద్దన్న మాట అన్నవాళ్ళ ఖాతాలో పడుతుంది. కోడల్ని నిందించిన మాట అత్త ఖాతాలో పడుతుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు 2016 చట్టం ఇచ్చిన హక్కు. ఆ బిడ్డను బడి గేటు దగ్గర ఆపితే అది ఆపినవాళ్ళ ఖాతాలో పడుతుంది.

అందుకే నాదొక విన్నపం. ఇకమీదట జరిగే శిక్షణల్లో ఈ పాపం ప్రశ్నకూ ఒక పూట ఇవ్వాలి. అక్కడ తల్లులు మాట్లాడాలి, మేం వినాలి. ఊళ్ళో కుటుంబాలు ముందుగా సలహా అడిగే పూజారి, పాస్టరు, మౌల్వీ, ఆశా కార్యకర్త కూడా వచ్చి కూర్చోవాలి. డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవ వేదిక మీద పండ్లు, దుప్పట్లు ఇచ్చే ముందు బిడ్డ ఎవరి పాపఫలమూ కాదన్న మాట పెద్దగా చెప్పాలి. ఇది ఓదార్పు కోసమే కాదు. మెదడు చురుగ్గా ఎదిగే మొదటి ఆరేళ్ళే మా పనికి అసలైన కాలం. పరిహారాలు వెతుక్కుంటూ, నలుగురికీ కనిపించకుండా బిడ్డను దాచుకుంటూ ఆ కాలం గడిచిపోతే ఏ థెరపీ దాన్ని వెనక్కి తేలేదు.

తల్లులకు నేను చెప్పేది ఇది: “అమ్మా, నువ్వు పాపం చేసినావని చెప్పగలిగినోళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. రేపు పొద్దున్నే బిడ్డను ఎత్తుకొని రా, పని మొదలుపెడదాం.” ఈ మాట తడబడకుండా చెప్పగలగడం కూడా మా వృత్తి విద్యలో భాగమే.