సంధికాలము ఎవరి సొత్తు?

యుద్ధము పాపమనియు సంధి పుణ్యమనియు మనము బాల్యమునుండి వినుచున్నాము. ఈ మాట స్థూలముగ సత్యమే. కాని సంధి కుదిరిన పిమ్మట కలుగు శాంతి వేఱు. కుదురునో లేదో యని యిరుపక్షములవారును సంప్రదించుకొనుచుండు కాలము వేఱు. లోకము ఈ రెండింటిని ఒక్కటిగనే యెంచుచున్నది. "సంప్రదింపులు స్తంభించినవి" యని పత్రికలో చదివి, యుద్ధము రాలేదుగదా యని తృప్తిపడి పుట త్రిప్పుచున్నది. సంప్రదింపులు స్తంభించినంతమాత్రమున కాలముకూడ స్తంభించునా? ఆ కాలమున లాభపడువారెవరు? నష్టపడువారెవరు? ఈ ప్రశ్నలను మేమిచట విచారింపబూనితిమి.

దివిసీమ రైతునకు దీని సమాధానము తెలియును. పులిగడ్డకడ కృష్ణ రెండు పాయలై దీవిని చుట్టుకొని సముద్రమున గలియుచున్నది. ఎగువనుండి ప్రవాహము వచ్చుచున్నంతవఱకు ఉప్పునీరు తన హద్దున నుండును. వేసవిలో ప్రవాహము సన్నగిల్లెనా, పోటునీరు పాయలలోని కెదురెక్కును. గట్టుమీద నిలిచి చూచువానికి నది నిశ్చలముగనే కన్పట్టును. తీరవాసుల త్రాగునీరు మాత్రము ఉప్పనగును.

గృహస్థులకు ఇంకొక నిదర్శనము కలదు. అన్నదమ్ముల పంపకములలో పెద్దమనుష్యులు వాయిదాపై వాయిదా వేయుచుండగా, పొలము ఎవని స్వాధీనమున నున్నదో వాడు ఫలసాయమును అనుభవించుచునే యుండును. భర్తను గోల్పోయిన కోడలు నెలనెలకు చేయి చాచుచుండును. ఆ పంచాయితీలో ఆమెకు చోటులేదు. వాయిదా ఇరుపక్షములకును సమానమే యని చెప్పువారు ఆమెను లెక్కలోనికి తీసికొనలేదన్నమాట.

రాజ్యముల విషయమునను ఇంతే. తెలుగుదేశముననే దీనికి గొప్ప తార్కాణము జరిగినది. 1947 ఆగస్టు 15వ తేదీ నాటికి హైదరాబాదు నిజాము భారతదేశమున చేరలేదు. అక్టోబరులో ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్ మొదలగువారు ఒక ఒడంబడికను సిద్ధపఱచిరి. 27వ తేదీ వేకువను, ఢిల్లీకి బయలుదేరనున్న ఆ రాయబారుల యిండ్లను ఇత్తెహాదు పక్షపు జనసమూహము చుట్టుముట్టెను. రాయబారులు మాఱిరి, ఒడంబడిక దాదాపు మాఱలేదు. నవంబరు 29న ఒక సంవత్సరపు గడువుతో యథాతథ ఒడంబడిక జరిగెను. అందు వివాదము వచ్చినచో ఇరువురు మధ్యవర్తులును వారిపై నొక పెద్దయు తీర్పవలెనని వ్రాసికొనిరి.

ఆ మధ్యవర్తులు ఒక్కనాడైన కూర్చుండలేదు. నిజాము పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల ఋణపత్రములిచ్చెననియు, భారతదేశపు నాణెమును చెల్లనీయలేదనియు ఢిల్లీ ఆరోపించెను. వర్తకమును నిర్బంధించి తమ్ము పస్తులుంచుచున్నారని హైదరాబాదు మొఱవెట్టెను. ఒకరు విమానములలో రహస్యముగ ఆయుధములు తెప్పించుకొనిరి. వేఱొకరు సైనికవ్యూహమును సిద్ధముచేసికొనిరి. 1948 జూనులో మౌంటుబాటను ప్రభువు చివరి ప్రయత్నముగ నడపిన ముసాయిదాను నిజాము త్రోసిపుచ్చెను. ఆగస్టు 21న హైదరాబాదు ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదుచేసెను. మండలి ప్యారిసులో ఆ విషయమును చర్చకు తీసికొనినది సెప్టెంబరు 16న. అప్పటికి భారతసైన్యము కదలి మూడు దినములైనది. మఱునాడు నిజాము లొంగిపోయెను.

కాగితముమీద ఆ తొమ్మిదిన్నర నెలలు శాంతికాలము. పల్లెలలో అది రజాకార్ల కాలము. తెలంగాణమునుండి ఎందఱో ఇల్లువాకిళ్లు విడిచి సరిహద్దు దాటి కృష్ణామండలమునకు వచ్చిరి. ఫిర్యాదు సమితిని చేరిన ఆఱు దినములకే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి గ్రామస్థులను వరుసగా కాల్చిచంపిరి. ఏ రాయబారియు ఆ గ్రామము పక్షమున మాటాడలేదు.

విజయము లెక్కను సరిచేసినదా? అదియు లేదు. సైనికచర్య అయిదు దినములలో ముగిసినదని గర్వముగ చెప్పికొందుము. పిమ్మట పశ్చిమపు జిల్లాలలో జరిగిన హత్యాకాండను విచారించిన పండిత సుందరలాలు సంఘము, మృతుల సంఖ్యను 27,000 మొదలు 40,000 వఱకు అంచనావేసినది. వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక 2013 వఱకు ప్రజల యెదుటికి రాలేదు. ఈ నిరుపేద ముస్లిములును, బైరాన్‌పల్లి కాపులును ఒకే విధమున మోసపోయినవారు. సంప్రదింపులు చెడుటచే కలిగిన అప్పును తీర్చినవారు వీరు. ఆ అప్పు చేసినవారు వేఱు.

ఇట్లయిన సంప్రదింపులే వలదందురా యని పాఠకు లడుగవచ్చును. అట్లు మే మనము. కొరియాలో 1953 జూలై 27న యుద్ధవిరామము జరిగినది. శాంతిసంధి నేటికిని లేదు. అయినను మఱల మహాయుద్ధము రాలేదు. అపూర్ణమైన శాంతియైనను శవములకంటె మేలే. విడిపోయిన కుటుంబములవారు మాత్రము ఒకరి నొకరు చూడకయే వృద్ధులై గతించుచున్నారు. మేలును ఒప్పుకొనుచునే, మూల్యమునుకూడ ఒప్పుకొనవలెను.

ఇచట ఉద్యోగపర్వము మనకు దారి చూపును. బందరు హిందూ ఉన్నతపాఠశాలలో పండితులుగ నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, తిరుపతిశాస్త్రిగారును రచించిన పాండవోద్యోగ నాటకమున రాయబారఘట్టము ఎఱుగని తెలుగువారరుదు. ఆ పద్యముల రాగములలో మునిగి, భారతమున రాయబారములు పెక్కులుగలవని మఱచుచుందుము. సంజయుడును రాయబారియే. ధృతరాష్ట్రుడు అతనిచేత శాంతివచనములు పంపెను; పాలుమాత్రము పంపలేదు. యుద్ధము చేయకుడని అడుగుటయేగాని, తన కొడుకు అనుభవించుచున్నదానిలో సెంటుభూమి విడుచుట లేదు. ధర్మరాజు అయిదూళ్లు చాలునని బదులుచెప్పెను. న్యాయముగ రావలసిన సగభాగమును వదలుకొనిన మాట యది. కృష్ణుడు తన ప్రయత్నము విఫలమగునని యెఱిగియు పోయెను. శక్తివంచన లేక యత్నించినవానికి ఫలము దక్కకున్నను పుణ్యము దక్కునని విదురునితో ననెను. ఇరువురును శాంతినే పలికిరి. భేదము మాటలలో లేదు. వెంట తెచ్చిన త్యాగములో నున్నది.

ఇంకొక విషయము. ఈ సీమ సంధులకు పాతకాపు. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు బందరుకోటను ఫ్రెంచివారినుండి పట్టుకొనగా, మే నెలలో సలాబతుజంగు ఈ ప్రాంతమును ఇంగ్లీషువారికి ఒసగెను. 1768లో బందరు పేరిటనే మఱియొక సంధి జరిగెను. ఊళ్లు చేతులు మాఱినవి. ఊళ్లవారి నెవరు నడుగలేదు. సంస్థానముల పక్షమున మాటాడవలసినవారు ప్రభువులు కారు, ప్రజలని వాదించిన అఖిలభారత సంస్థాన ప్రజాసభ నాయకులలో బందరు వాస్తవ్యులు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారుండుట ఈ యూరికి తగినదే. ఆ వాదము 1947లో విజ్ఞాపనగ మిగిలెనేగాని, యథాతథ ఒడంబడికపై ప్రజల చేవ్రాలు పడలేదు.

కావున ఎచ్చటనైనను సంధిప్రయత్నము ఆగినదని వినినప్పుడు, మూడు ప్రశ్న లడుగవలెనని మా యభిప్రాయము. సంధి కోరుచున్నవాడు తనదానిలో నేమి విడుచుచున్నాడు? గడువులోపల నేమి జరుగవలెనో, జరుగనిచో ఎవరు తీర్పవలెనో స్థిరపఱచిరా, ఆ తీర్పరులను కూర్చుండనిచ్చిరా? ఆ కాలపు కష్టమును మోయువారికి అందు నోరున్నదా? 1993 సెప్టెంబరు 13న ఇస్రాయేలు, పాలస్తీనా నాయకులు చేసికొన్న ఒప్పందము అయిదేండ్ల మధ్యకాలమును ఏర్పఱచి, కఠినప్రశ్నలను కడపటికి వాయిదావేసినది. ఆ యేండ్లలో వలసగృహముల నిర్మాణమును ఆగలేదు, మానవబాంబులును ఆగలేదు. కడపటి ప్రశ్నలు అట్లే మిగిలినవి. మూడు ప్రశ్నలను ముందే యడిగియుండినచో ఎవ్వరికి నాశ్చర్యము కలిగియుండదు.

సంధికాలము సంధిచేయువారి సొత్తు కాదు. అది పరులయొద్దనుండి తెచ్చుకొన్న అరువు. పొలము విత్తలేని రైతు, బడికి పోలేని బిడ్డ, ఇల్లు విడిచిన ఇల్లాలు ఆ అరువు నిచ్చినవారు. యుద్ధము తప్పించుటకై దానిని వ్యయముచేసినవాడు, విఫలుడైనను, ఋణము తీర్చినవాడే. యుద్ధమునకు సిద్ధపడుటకై వ్యయముచేసినవాడు, జయించినను, ఋణగ్రస్తుడే.