మద్యవిసర్జనము - నిషేధమా? వ్రతమా?

సురాపానము మహాపాతకములలో ఒకటియని ఛాందోగ్యోపనిషత్తును, మనుస్మృతియు ఏకకంఠముగా పలుకుచున్నవి. ఈ మాట వినని ఆస్తికుడు లేడు. కావున మద్యమును విడువవలెనా, వలదా అనునది ప్రశ్నయే కాదు. దానివలన ఇల్లు గుల్లయగుననియు, ఒడలు చెడుననియు త్రాగువానికే అందరికంటె బాగుగా తెలియును. అసలు ప్రశ్న వేరొకటి కలదు. విడిచిన పిదప ఆ విడుపు నిలుచుట ఎట్లు? తొలినాటి పట్టుదల మూడవ మాసమున, మూడవ సంవత్సరమున ఎచ్చటినుండి లభింపవలెను?

ఏటేట కార్తిక మార్గశీర్షములలో తెలుగునాట పెక్కు గృహములయందు ఒక వింత కానవచ్చును. ఏండ్ల తరబడి మద్యమునకు దాసుడైనవాడు మాల ధరించును. మండలకాలము, అనగా 41 దినములు, దానిని తాకడు. చన్నీట మునుగును, నేలపై పరుండును, పరుషవాక్యము పలుకడు. ఆ దినములు ఇంటివారికి నిజమైన పండుగ. సాయంకాలమున అతని అడుగుల చప్పుడు విని పిల్లలు మూలకు ఒదుగరు. దీక్ష ముగిసినది, మాల తీసినాడు. ఆ మార్పును నిలుపుకొన్న ధన్యులు లేకపోలేదు. కాని వారము తిరుగకమునుపే పాతదారి పట్టువారును కలరు. 41 దినములు విడువగలిగినవాడు 42వ దినమున ఏల విడువజాలడు? శక్తి లేదనుటకు వీలులేదు. శక్తి కలదనుటకు గడచిన 41 దినములే సాక్ష్యము. కావున లోపము శక్తియందు కాక మరియొకచోట నున్నది.

కొందరు ఆ లోపము భయము లేకుండుటయే యందురు. భయమునకు గల బలమెంతయో మహాభారతమున మౌసలపర్వము తెలుపుచున్నది. మునిశాపము కలిగిన పిదప ద్వారకలో సురను ఎవ్వరును చేయరాదనియు, చేసినవానిని బంధువులతోకూడ కొరత వేయుదురనియు చాటింపు వేయించిరి. పౌరులు ఆ శాసనమునకు లోబడిరి. అంత కఠినమైన దండనము విధించినను, ఆ యాదవులే ప్రభాసతీర్థమునకు యాత్రవెడలినప్పుడు మద్యమును వెంట గొనిపోయిరి. బ్రాహ్మణులకై వండిన అన్నమును మద్యముతో కలిపి కోతులకు పెట్టిరి. సాక్షాత్తు శ్రీకృష్ణుని సన్నిధియందే త్రాగిరి. సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. మాట పెరిగి కత్తి లేచెను. సముద్రతీరమందలి తుంగయే ముసలమై వంశమంతయు నశించెను. పుణ్యక్షేత్రమున కాలుమోపినంతమాత్రమున వ్యసనము తొలగదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? వారు శాసనమునకు వెరచి మద్యమును దాచిరే గాని, దానియందలి మమకారమును విడువలేదు.

రాజశాసనము నిష్ప్రయోజనమని దీని భావము కాదు. 1992లో నెల్లూరు జిల్లాలో దూబగుంట మొదలగు గ్రామముల స్త్రీలు సారా అంగళ్లకు ఎదురు నిలిచిరి. దాని ఫలముగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ తల్లుల పోరాటము ఎన్నో ఇండ్లను నిలిపినది. కాని శాసనము అంగడిని మూయగలదు, నాలుకను మూయజాలదు. అంగడి మరల తెరచిననాడు మనుష్యుని కాపాడవలసినది అతనిలోనే ఉండవలెను.

ఆ కాపాడునది ఏది? మీమాంసాశాస్త్రమందలి ఒక విచారము ఇచ్చట దారి చూపుచున్నది. వేదమున 'వలదు' అను మాట రెండు విధములుగా పనిచేయునని మీమాంసకులు నిర్ణయించిరి. కలంజమును భక్షింపరాదనుట శుద్ధమైన నిషేధము. తినబోవువాడు ఆగినచాలును. అక్కడ చేయవలసిన కార్యమేదియు లేదు. అనర్థము తప్పుటయే లాభము. ఇక ప్రజాపతివ్రతమున ఉదయించు సూర్యుని చూడరాదను మాట కలదు. అది వ్రతములను చెప్పు సందర్భమున వచ్చినది. వ్రతమనగా అనుష్ఠింపదగినది. కావున అక్కడ చూడకుండుట మాత్రము చాలదు. 'చూడను' అను సంకల్పము చేయుటయే విధి. పాపవిముక్తి దాని ఫలముగా చెప్పబడినది. ఒకటి కేవలము లేమి, రెండవది ఒక అనుష్ఠానము.

మద్యమును విడిచినవాని స్థితికి ఈ భేదము సరిగా సరిపోవును. విడుపును నిషేధముగా మాత్రమే గ్రహించినవానికి ప్రతి సాయంకాలమును ఒక శూన్యమే. నిన్న ఆ వేళ పాత్రయుండెను, మిత్రులుండిరి. నేడు ఏమియు లేదు. శూన్యమును కాచుకొని ఎవ్వడును చిరకాలము కూర్చుండలేడు. మాల ధరించిన దినములలో ఆ వేళకు స్నానముండెను, దీపముండెను, భజన యుండెను, పేరుపెట్టి 'స్వామీ' యని పిలుచు తోడివారుండిరి. మాలతోపాటు అవి అన్నియు తొలగినవి. 42వ దినమున మిగిలినది నిషేధము మాత్రమే, వ్రతము ముగిసినది. అతడు ఓడిపోయిన చోటు అదియే. కావున విడుపు నిలువవలెనన్న ఆ సంధ్యాసమయమునకు ఒక పని కావలెను. ఇంటిల్లిపాది కూడి దీపము వెలిగించి విష్ణుసహస్రనామము పఠింపవచ్చును. కోవెలకు పోయి పూలమాల కట్టవచ్చును. పిల్లల పాఠములు చూడవచ్చును. పని చిన్నదైనను అది నిత్యము జరుగవలెను.

వ్రతమునకు గడువుండును గదా, జీవితాంతము వ్రతమనిన గుండె జారదా యని శంక కలుగవచ్చును. నిత్యసంకల్పమే దీనికి సమాధానము. శ్వేతవరాహకల్పము మొదలుకొని మన్వంతరమును, యుగమును, సంవత్సరమును, మాసమును చెప్పుచు వచ్చి, తుదకు ఆనాటి తిథియొద్ద నిలిచి, ఆనాటి కర్మను మాత్రమే చేయుదునని కర్త పలుకును. కల్పమంత కాలమును తలచినవాడును పూనుకొనునది ఒక్కదినపు పనికే. నేటికి త్రాగను, రేపటి సంకల్పము రేపు. 1935లో అమెరికాలో త్రాగుడు విడిచినవారే ఒకరికొకరు తోడుగా ఏర్పరచుకొన్న సహవాసమును ఈ ఒక్కదినపు లెక్కనే ఆశ్రయించినది. నేడది భారతదేశమునను కలదు. ఇంకెన్ని దినములు మిగిలెనని లెక్కించువాడు గడువుకై ఎదురుచూచు ఖైదీవంటివాడు. నేటిదినము స్వామికి సమర్పించితినని లెక్కించువాడు వ్రతి.

అయినను లోపలి రుచి సంగతి యేమి? ఆహారము మానినవానికి విషయములు దూరమైనను రుచి నిలిచియుండుననియు, పరమైనదానిని దర్శించినపుడు అదియు తొలగుననియు గీత రెండవ అధ్యాయమున భగవానుడు ఉపదేశించెను. విషయములకంటె సుఖతరమైన ఆత్మస్వరూపమే ఆ పరమని రామానుజులు భాష్యమున వివరించిరి. తమ చేతలయందును వారు దీనిని చూపిరి. ఉరైయూరు మల్లుడు ధనుర్దాసు తన భార్య కన్నుల సొగసుకు లోబడి, శ్రీరంగమున ఉత్సవవేళ స్వామిని చూడక ఆమెకు గొడుగుపట్టి నడచుచుండెను. యతిరాజులు అతనిని నిందింపలేదు. అంతకంటె అందమైన కన్నులు చూపినచో నేమందువని అడిగి, రంగనాథుని సన్నిధికి గొనిపోయిరి. ఆ కన్నులు చూచినవాడు మరలిపోలేదు. ఆ దంపతు లిరువురును పరమభాగవతులైరి. ఒక రుచిని గెలువగలది అంతకంటె మేలైన మరియొక రుచియే.

శరీరధర్మమును మరువరాదు. చిరకాలము అధికముగా త్రాగినవాడు ఒక్కమారుగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. వైద్యుని ఆశ్రయించుట భక్తికి లోపము కాదు. ధర్మసాధనమగు దేహమును కాపాడుకొనుటయు ధర్మమే.

వ్రతమున ఒకనాడు జారినవాని మాట యేమి? శుక్రాచార్యుడంతటివాడు సురతోకూడ శిష్యుడైన కచుని భస్మమును త్రాగినాడు. తెలివి వచ్చినపిదప క్రుంగిపోక, లోకమునకు సురాపానమును నిషేధించు మర్యాదను నెలకొల్పినాడు. యోగమున జారినవాడును దుర్గతి పొందడని గీత ఆరవ అధ్యాయమున అర్జునునకు అభయము లభించినది. జారిన దినము అంతకుముందు గడచిన దినములను తుడిచివేయదు. ఇచ్చట ఇంటివారి బాధ్యతయు కలదు. పాతదోషమును ఎత్తిపొడుచు మాట ప్రభాసమున ఏమి చేసినదో చూచితిమి. వివాహాదులలో ఒక్క గ్రుక్కకు దోషములేదని బలవంతపెట్టు బంధువు బంధువు కాడు. త్రాగక ఇల్లు చేరినవానిని పేరుపెట్టి పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నవ్వుచు అన్నము పెట్టుట గొప్ప కైంకర్యము.

విడుచుట ఒకనాటి పని. విడిచి బ్రతుకుట నిత్యకైంకర్యము. పూజారి నిన్న దీపము వెలిగించితినని నేడు మానడు. అట్టి దీపము ప్రతి గృహమున సాయంసంధ్యవేళ వెలుగునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!