చేయిపట్టి లేపుడి



అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములో, దేవాలయ ద్వారమునొద్దనున్న కుంటివానిని దినదినము మోసి తెచ్చినవారు దయగలవారే. అయినను కూర్చుండబెట్టి పోవుటకంటె వారికేమియు తోచలేదు. పేతురైతే యేసు నామమునుబట్టి అతని చేయి పట్టి నిలువబెట్టెను.

మన యిండ్లలోని వృద్ధులకు మనమేమి చేయుచున్నాము? "నీకెందుకమ్మా, కూర్చో" అని అన్నము, నీళ్లు మంచమునొద్దకే తెచ్చుచున్నాము. ఇది ప్రేమయే, గాని చాలని ప్రేమ. మేమును అట్లే తప్పితిమి. నర్సీపట్నము దగ్గర పల్లెలో మోకాళ్ల నొప్పులుగల యొక అవ్వతో, "మీరు రానక్కరలేదు, ప్రభురాత్రి భోజనము మేమే ఇంటికి తెత్తుము" అంటిమి. ఆరు నెలలకు పెరటిలోనికి పోవుటకు సహితము ఆమె మనుమరాలిని పిలువవలసి వచ్చెను. "అయ్యగారండీ, ఈ కాళ్లు నావి కావనిపిస్తున్నాయండి" అని ఆమె అనగా మేము సిగ్గుపడితిమి.

వాడని కండ బలము తగ్గును. తొడ కండ సడలిన కొలది మోకాలికి ఆసరా తగ్గును, నొప్పి హెచ్చును, నొప్పికి జడిసి నడక మానుదుము. ఈ చుట్టును త్రెంచుటయే ఫిజియోథెరపీ పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, 65 ఏండ్లు దాటినవారు వారమునకు 3 దినములైనను బలమునకును, తూలకుండుటకును తగిన వ్యాయామము చేయవలెనని చెప్పినది.

అవ్వను వైద్యునికి చూపించిన తరువాత ఇంటివారు ఇట్లు చేయించిరి: కుర్చీలో కూర్చుండి ఒక్కొక్క కాలు చాపి, ఐదు లెక్కించువరకు నిలిపి, మెల్లగా దించుట, కదలని కుర్చీనుండి లేచి మరల కూర్చుండుట, గోడ పట్టుకొని మడమలెత్తుట. మొదట ఐదేసి సారులు, పిమ్మట పదేసి. ప్రక్కను ఒకరు నిలువవలెను. రొమ్ము నొప్పి, తల తిరుగుట, కీలు వాచుట కలిగినయెడల ఆపి వైద్యునియొద్దకు పోవలెను.

కుంటివాడు ఒక్క క్షణములో గంతులు వేసెను. అవ్వకు నెలలు పట్టెను. ఆమె నొప్పి పూర్తిగా పోలేదు, నేటికిని మోకరించలేదు. అయినను మొన్నటి ఈస్టరు ఆరాధనకు చేతికర్రతో నడచివచ్చి, మనతో నిలిచి పాడెను. ఇదియు దేవుని కృపయే.

యౌవనులారా, ప్రతి సాయంకాలము మీ యింటి పెద్దలకు పది నిమిషములు ఇయ్యుడి. మోయుటతో తృప్తిపడక, చేయిపట్టి లేపుడి. ప్రభువు మన చేతులను అట్టి పనికి వాడుకొనును గాక. ఆమేన్.