ఫ్రాంక్‌గా చెప్పాలంటే

గత వేసవిలో ఒక రాత్రి, మా బడిలో చదివిన పిల్లవాడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. కోయ పిల్లవాడు. ఇంజినీరింగ్ చదివి మాదాపూర్‌లో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. వాళ్ళ గూడెం నుంచి అక్కడి దాకా వెళ్ళిన మొదటివాడు వాడే.

"సార్, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు" అన్నాడు. వారం కింద టీ తాగే చోట వాళ్ళ టీం లీడర్ నవ్వుతూనే అడిగాడట, "ఫ్రాంక్‌గా చెప్పు, నీకు సీటు ఎంత ర్యాంకుకి వచ్చింది?" అని. వీడు ఉన్న ర్యాంకు ఉన్నట్టు చెప్పాడు. అక్కడున్నవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. కాని మర్నాటి నుంచి వీడు చేసిన ప్రతి పనినీ ఇంకొకరు మళ్ళీ సరిచూడడం మొదలైంది. అంతకుముందు అలా లేదు.

"నిజం చెప్పమని మీరే నేర్పారు కద సార్. నేను చెప్పింది తప్పా?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. "రేపు మాట్లాడుకుందాం" అని ఫోన్ పెట్టేశాను. కాని 'ఫ్రాంక్‌గా' అన్న మాట మనసులో ఉండిపోయింది. మన పిల్లలు పట్నం పోయి నేర్చుకునే ఇంగ్లీషులో నిజం చెప్పడానికి ఎన్నో మాటలున్నాయి. ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే, వాటి వెనక మనలాంటి జనమే కనిపించారు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఫ్రాంక్ అనేది మొదట ఒక తెగ పేరు. ఫ్రాంకులు జర్మన్ తెగలలో ఒకరు. రోమన్ సామ్రాజ్యం కూలుతున్న కాలంలో గాల్ దేశాన్ని గెలిచి, అక్కడే ఉండిపోయి రాజ్యం చేశారు. ఫ్రాన్స్ అన్న పేరు వాళ్ళ నుంచి వచ్చిందే. ఆ దేశంలో పూర్తి స్వేచ్ఛ ఉన్నది గెలిచిన ఫ్రాంకులకే. అందుకని వాళ్ళ పేరుకే 'స్వేచ్ఛ గలవాడు' అని అర్థం వచ్చింది. ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా మొదటి అర్థం అదే. మనసులో ఉన్నది దాచకుండా మాట్లాడడం అన్న అర్థం ఆ తరువాత, పదహారో శతాబ్దం నాటికి కుదురుకుంది.

ఈ వరుస గమనించాలి. ముందు స్వేచ్ఛ, తరువాత నిజం. గెలిచినవాడికి భయం లేదు కాబట్టి ఫ్రాంక్‌గా మాట్లాడగలిగాడు. ఓడిపోయిన గాల్ రైతును పిలిచి "ఫ్రాంక్‌గా చెప్పు" అంటే వాడేం చెబుతాడు? వాడు ఫ్రాంకు కాదు కదా.

ఇంకొక మాట 'కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్'. పారను పార అనడం. మనం కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం అంటామే, అదే. దీని కథ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన దానిలో ఉంది. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ రాజుకు ఒలింథస్ అనే నగరంలో కొందరు లోపాయికారీగా సాయపడ్డారు. ఆ తరువాత వాళ్ళే వచ్చి, "మీ మనుషులు మమ్మల్ని ద్రోహులంటున్నారు" అని రాజుకు ఫిర్యాదు చేశారు. మా మాసిడోనియా వాళ్ళు మొరటు జనం, పల్లెటూరివాళ్ళు, తొట్టిని తొట్టి అనే అంటారు అని రాజు జవాబు చెప్పాడట. పదహారో శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు ఈ కథను లాటిన్‌లో రాసినప్పుడు తొట్టి కాస్తా తవ్వే పనిముట్టుగా మారింది. 1542లో నికొలస్ యుడాల్ దాన్ని ఇంగ్లీషు చేస్తూ పార అన్నాడు. అప్పటి నుంచి అదే నిలిచిపోయింది.

ఈ కథలో ద్రోహం చేసినవాళ్ళు నాగరికులు, ద్రోహాన్ని ద్రోహం అన్నవాళ్ళు మొరటువాళ్ళు. మా పెద్దవాళ్ళు ఎంత పెద్ద అధికారి వచ్చినా "నువ్వు" అనే పిలుస్తారు. మన్నించే బహువచనం వాళ్ళ నోట రాదు. దానికి "వీళ్ళకు మాట తీరు తెలియదు" అన్నవాళ్ళను నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ మాట తీరు తెలిసినవాళ్ళు భూమి కాగితాల మీద ఏం రాయించుకున్నారో కూడా చూశాను.

మూడోది అమెరికా మాట, 'టాక్ టర్కీ'. అసలు విషయం సూటిగా మాట్లాడుకుందాం అని దాని అర్థం. దీనికి ఒక కథ చెబుతారు. ఒక తెల్లవాడు, ఒక ఆదివాసీ కలిసి వేటకు వెళ్ళి టర్కీ కోళ్ళనూ రాబందులనూ కొట్టారు. పంచుకునేటప్పుడు తెల్లవాడు, నువ్వు రాబందు తీసుకో నేను టర్కీ తీసుకుంటాను, లేదంటే నేను టర్కీ తీసుకుంటాను నువ్వు రాబందు తీసుకో అన్నాడట. నువ్వు నా వంతుకు ఒక్కసారి కూడా టర్కీ అనలేదే అని ఆదివాసీ అన్నాడు. మాట నిజంగా ఈ కథ నుంచే పుట్టిందని గట్టిగా చెప్పలేం. కాని కథ మాత్రం పందొమ్మిదో శతాబ్దంలోనే అచ్చయి ఉంది. సంతలో ఇప్పపువ్వు, చింతపండు, తేనె అమ్మినవాళ్ళకు ఆ పంపకం కొత్త కాదు. ప్రైవేటు వ్యాపారుల దోపిడీ నుంచి కాపాడాలనే కదా 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది.

అదే అమెరికాలో 'ఆనెస్ట్ ఇంజన్' అనే ఒట్టు మాట కూడా ఉండేది. ఇంజన్ అంటే ఇండియన్, అక్కడి ఆదివాసీ. 1876లో వచ్చిన మార్క్ ట్వేన్ నవల టామ్ సాయర్‌లో పిల్లలు ఆ మాట మీద ఒట్టు పెట్టుకుంటారు. ఇప్పుడు దాన్ని అవమానంగా ఎంచి వాడడం లేదు. ఒక జాతి నిజాయితీ మీద ఒట్టు పెట్టుకుంటూనే ఆ జాతితో చేసుకున్న ఒప్పందాలను తప్పారు. మనల్ని కూడా "గిరిజనులు అమాయకులు, అబద్ధమాడరు" అని సభల్లో మెచ్చుకుంటారు. మనం అబద్ధమాడమన్న నమ్మకం మీదే మనతో అబద్ధమాడడం సులువు. ఆ సంగతి తెలిసే కాబోలు, 1970లో ఒకటవ నంబరు రెగ్యులేషన్ తెచ్చినప్పుడు చట్టం ఒక మంచి పని చేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యే దాకా అది గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలంది. నిజం చెప్పుకోవలసిన భారాన్ని బలం ఉన్నవాడి మీద పెట్టింది. 1/70 అంటే భూమి గొడవలే గుర్తొస్తాయి గాని, నాకు అందులో ఈ నీతి కనిపిస్తుంది.

ఇక మా పిల్లవాడు పని చేసే చోటుకు వస్తాను. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998లో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ మాదాపూర్‌లోనే సత్యం కంప్యూటర్స్ వాళ్ళ ఇన్ఫోసిటీ ఉండేది. 1987లో పుట్టిన కంపెనీ. నిజం అనే మాటనే పేరుగా పెట్టుకుంది. సుమారు 50 వేల మంది ఉద్యోగులు. కంపెనీని మంచి పద్ధతిలో నడుపుతున్నందుకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. ఆ డిసెంబరులో, అదే కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, వాటాదారులు తిరగబడితే వెనక్కి తగ్గారు. మేటాస్ అంటే ఏమిటో కాదు, సత్యం అన్న పేరును ఇంగ్లీషు అక్షరాలలో వెనక నుంచి చదివితే వచ్చేదే. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు డైరెక్టర్లకు ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. ఉన్న లాభానికీ చూపిన లాభానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడాయేననీ, ఏళ్ళ తరబడి అది పెరిగి అదుపు తప్పిందనీ రాశారు. అది పులి మీద స్వారీ లాగా ఉండింది, దిగితే తినేస్తుందని భయమట. ఇచ్చిన అవార్డును వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. వాళ్ళు అప్పీలు చేసుకున్నారు. కంపెనీని టెక్ మహీంద్రా తీసుకుంది. 2013లో విలీనం జరిగాక సత్యం అన్న పేరు కూడా పోయింది.

ఈ కథలో నన్ను ఆపింది ఆ ఉత్తరం కాదు. దానికి కొద్ది వారాల ముందు, ఎవరో ఒకరు మారుపేరుతో ఒక డైరెక్టరుకు ఈ-మెయిల్ పంపి, లెక్కల్లో మోసం ఉందని చెప్పారు. అన్ని వేల మంది చదువుకున్నవాళ్ళున్న చోట, నిజం చెప్పడానికి ఒక మనిషి తన పేరు దాచుకోవలసి వచ్చింది. అంటే అక్కడ ఆ మనిషి ఫ్రాంకు కాదు. కింద ఉన్నవాడిని ఫ్రాంక్‌గా చెప్పమనే చోట, పైన ఉన్నవాడి లెక్క ఎవరూ అడగలేకపోయారు.

ఇంతవరకు రాసి ఊరుకుంటే నేను కూడా ర్యాంకు అడిగిన టీం లీడర్ లాంటివాణ్ణే అవుతాను. నా రిజిస్టరు సంగతి కూడా చెప్పాలి.

ఈ పిల్లవాడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఆశ్రమ పాఠశాలలో హాస్టల్ బాధ్యత నాదే. కాంట్రాక్టరు కొన్ని వారాలు గుడ్లు సరిగ్గా వేయలేదు. పై వాళ్ళకు రాస్తే అతనితో తగువు. అందుకని పిల్లలకు గుడ్డు పెట్టినట్టే రిజిస్టరులో రాశాను. మొదట ఒక్క రోజే అనుకున్నాను. తనిఖీకి అధికారి వచ్చే ముందు పిల్లలతో "భోజనం బాగుందని చెప్పండి" అన్నాను. అధికారి అడిగితే ఈ పిల్లవాడు లేచి, "గుడ్డు వారానికి ఒకసారే పెడుతున్నారు సార్" అన్నాడు. అధికారి నవ్వి, రిజిస్టరు చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. నేను వాణ్ణి కొట్టలేదు. కాని వారం రోజులు వాడితో మాట్లాడలేదు, క్లాసులో ప్రశ్న వేయలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు. అదే నెలలో నేను నల్లబల్ల మీద 'సత్యమునే పలుకవలెను' అని రాసి కాపీ రాయించాను కూడా.

మర్నాడు ఫోన్ చేసి వాడికి మూడు మాటలు చెప్పాను.

"నువ్వు చెప్పింది తప్పు కాదు. ర్యాంకు నీ సిగ్గు కాదు, దాన్ని దాచాల్సిన పని లేదు.

"కాని అడిగిన ప్రతివాడికీ నీ నిజం బాకీ లేవు. ఈసారి ఎవరైనా ఫ్రాంక్‌గా చెప్పమంటే, 'ఎందుకడుగుతున్నారు? మీ ర్యాంకెంత?' అని అడుగు. అది అబద్ధం ఆడడం కాదు, ఇద్దరినీ ఒక్క మట్టం మీదికి తేవడం.

"మూడోది, ఆ రోజు గుడ్ల సంగతి నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అది మీకింకా గుర్తుందా సార్" అన్నాడు. వాడికి గుర్తున్నదన్న మాట.

నిజం చెప్పమని పిల్లలకు నేర్పడం మానుకోను. కాని నిజం చెప్పిన పిల్లవాడికి ఏ నష్టం రాకుండా చూడడం నా పనిలో సగం అని ఇరవై ఏళ్ళు పంతులు పని చేశాక తెలిసింది. ఆ సగం చేయకుండా తక్కిన సగం నేర్పితే, మన పిల్లలను పులి ముందు నిలబెట్టి, మనం పక్కకు జరిగినట్టే.

ఈ ఏడు తనిఖీకి ముందు నేను పిల్లలకు ఏమీ చెప్పలేదు. పప్పు నీళ్ళలా ఉంటోందని ముగ్గురు పిల్లలు లేచి చెప్పారు. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. పిల్లలు చెప్పింది నిజమే అని ఒక్క వాక్యం రాసి, కింద నా పేరు రాసి పంపాను.