ఓటరు అడుగవలసిన ప్రశ్న

2024 జూన్ 1న, లోక్‌సభ ఎన్నికల చివరి విడతలో, పోలింగు విధులలోనున్న 33 మంది ఎండవేడిమికి మరణించినట్లు ఉత్తరప్రదేశ్ ఎన్నికల ప్రధానాధికారి ప్రకటించెను. బొగ్గు, చమురు మండించుటవలన భూమి వేడెక్కుకొలది వడగాడ్పులు తీవ్రమగుచున్నవి. అయినను గుమ్మమునకు వచ్చిన అభ్యర్థిని ఓటరు రోడ్డును గూర్చి, పింఛనును గూర్చి అడుగును గాని, దీనిని గూర్చి అడుగుట అరుదు. అడుగని ప్రశ్నకు అభ్యర్థి జవాబు వెదకడు.

ఒక్కడు అడిగినంతమాత్రమున భూమి చల్లబడునా? చల్లబడదు. అయితే చెరువుల పూడికతీత, నీడనిచ్చు చెట్లు, కూలీల పనివేళల మార్పు, బొగ్గుకు బదులు సూర్యశక్తి, ఇవన్నియు ప్రభుత్వముల చేతిలోనివే. రేపటి ఎండను భరింపవలసిన పసిబిడ్డలకు నేడు ఓటు లేదు. నోరులేనివారి పక్షమున మాటలాడుట విశ్వాసి విధియైనచో, ఆ ప్రశ్న అడుగక ఓటు వేయువాడు తన విధిలో సగమే నెరవేర్చినవాడగును.