బానెట్ కింది యథార్థత

జ్ఞాపకార్థ కూటములలో మనవారు చెప్పే సాక్ష్యములు చాలావరకు ఒకే రీతిగా ఉంటాయి. గతించినవారు ఆదివారము తప్పక వచ్చేవారు, అందరితో ప్రేమగా మాట్లాడేవారు, ఎవరినీ నొప్పించలేదు. గంగావతి వైపు ఒక క్యాంపులో కన్నుమూసిన మెకానిక్ పెద్దాయన గురించి ఈ మాటలు చెప్పబోతే, ఎరిగినవారు నవ్వు ఆపుకోలేరు. ఆయన నోరు మంచిది కాదు. ఆరాధనకు గ్రీజు వాసనతో వచ్చేవారు, అదీ ఆలస్యముగా. మరి అట్టి మనిషిని మంచివాడని దేనిని బట్టి చెప్పాలి?

పనిని బట్టి చెప్పాలని నా అభిప్రాయము. పౌలు డేరాలు కుట్టెనని ప్రసంగాలలో పదే పదే వింటాము గాని, ఆ కుట్లు వానకు ఆగేవా అని ఎవరమూ అడగము.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయిన తర్వాత కోస్తా జిల్లాల రైతులు వచ్చి ఎడమ కాలువ కింద క్యాంపులు కట్టుకొన్నారు. వరి వెంట ట్రాక్టర్లు, రైసుమిల్లు లారీలు, మిల్లు యజమానుల అంబాసిడర్లు వచ్చాయి. వాటి వెంట ఈయన. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, ఆ మోత ట్యాపెట్లదో బేరింగుదో చెప్పేవారు.

చిక్కు ఎక్కడంటే, ఆయన చెప్పినది నిజమో కాదో బండి యజమానికి తెలియదు. కార్బొరేటరులో చెత్త చేరితే విప్పి, ఊది, బిగిస్తే సరిపోతుంది. కొత్తది వేశానని చెప్పి డబ్బు తీసుకొన్నా పట్టుకొనేవాడు లేడు. ఈయన మాత్రము మార్చిన ప్రతి పాత సామానును కాగితములో చుట్టి యజమాని చేతిలో పెట్టేవారు. "నాకెందుకు మేస్త్రీ ఈ ఇనుము?" అంటే, "చూసి పారెయ్యి. చూడకుండా పారెయ్యకు" అనేవారు.

ఒకసారి పెండ్లివారి వ్యాను వచ్చింది. బ్రేకు డ్రమ్ము విప్పితే లైనింగు పూర్తిగా అరిగి రివెట్లు డ్రమ్మును గీస్తున్నాయి. సామాను హోస్పేట నుండి మరునాటికి గాని రాదు. యజమాని బతిమాలాడు, తర్వాత తిట్టాడు. ఈయన చక్రాలు బిగించలేదు. ఆ యజమాని మరల ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఆయన చేసినది సరియని ఋజువు కూడా లేదు. జరగని ప్రమాదమునకు సాక్షులెక్కడ దొరుకుతారు?

ఇక్కడితో ఆపితే సాక్ష్యము సగమే అవుతుంది. ఆ షెడ్డులో పదేండ్ల పిల్లలు పని చేశారు. పానా తప్పు అందిస్తే దెబ్బ పడేది. ఇంటివారికి బడి వేళ కాని సమయములో చేసే సహాయము వంటివి మినహాయించి, పద్నాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోనూ పెట్టరాదని 2016 సవరణ చట్టము చెప్పింది. అంతకు ముందు అందరూ చేసినదే గదా అంటారు కొందరు. పిల్లవాని చెంపకు ఆ తేడా తెలియదు. తనిఖీ చేయలేని యజమాని యెడల నమ్మకముగా ఉన్న ఆ చేయే, ఎదురు చెప్పలేని పిల్లవాని మీద లేచింది. ఆ పిల్లలలో ఇద్దరు నేడు సొంత షెడ్లు నడుపుతూ మేస్త్రీని గౌరవముగా తలచుకొంటారు. అది వారి పెద్ద మనసు. దానితో ఆయన తప్పును కడిగే అధికారము మనకు లేదు. మూడవవాడు కూటమునకు రానేలేదు. రావలసిందని అతనిని అడగడము కూడా న్యాయము కాదు.

పాస్టరు గారు ఈ రెండు సంగతులనూ చెప్పనిచ్చారు. కుటుంబమువారు కొంత నొచ్చుకొన్నారు గాని, ఆయన భార్య మాత్రము తల ఊపింది.

2020 ఏప్రిల్ నుండి దేశమంతటా బి.ఎస్.6 నియమములు వచ్చాక కొత్త మోటారుసైకిళ్లలో సైతము కార్బొరేటరు దాదాపు కనబడదు. లోపము ఎక్కడో కంప్యూటరు చెబుతుంది. షెడ్డు మూసిన తర్వాత పెద్దాయన అరుగు మీద కూర్చొని, బండి బాగు చేయించుకొని వచ్చే ప్రతివానిని ఆపి ఒకటే అడిగేవారు: "పాతది చేతికిచ్చారా?"

ఎక్కువమంది ఇవ్వలేదనే చెప్పేవారు.