కొట్టబడిన మూగజీవి
ధ్యానభాగము: సంఖ్యాకాండము 22:21–34



ముషీరాబాదు వీధిలో దిక్కులేక దొరికిన ఒక కుక్కపిల్లను మా పిల్లలు తార్నాకలోని మా యింటికి తెచ్చి, మోతి అని పేరు పెట్టిరి. వేకువను ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లక్రింద నేను నడచునప్పుడు అది నా ముందు గంతులు వేయుచుండెను.

ఏడాది నిండకమునుపే దానికి జబ్బు పట్టెను. ఉరుము వినిన వణకును. తన తోకను తానే తరిమి, కరచి, నెత్తురు కార్చుకొనును. అన్నము పెట్టు చేతికే పండ్లు చూపి, మరుక్షణమున పాదములయొద్ద పడి మూలుగును. ఇరుగుపొరుగువారు పిచ్చికుక్క యనిరి. పశువైద్యుడు చూచి, ఇది రేబీసు కాదు, భయముచేత కలిగిన మనోవ్యాధి యని చెప్పి మందిచ్చెను. (ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.)

మూగజీవికి మనోవ్యాధి యేమిటని మీరడుగవచ్చును. 1924లో రష్యాలోని లెనిన్‌గ్రాడు పట్టణమునకు వరద వచ్చినప్పుడు, పావ్‌లోవ్ అను శాస్త్రజ్ఞుని కుక్కలు బోనులలో నీళ్లమధ్య చిక్కుకొనెను. వాటిని రక్షించిరి గాని, కొన్నిటిని ఆ భయము చాలకాలము విడువలేదు.

ఒక శనివారపు రాత్రి పెండ్లి ఊరేగింపులో బాణసంచా మ్రోగగా మోతి మంచముక్రింద దూరి అరవసాగెను. మరునాటి ప్రసంగము వ్రాసికొనుచున్న నేను విసిగి, దానిని కొట్టి, వాకిట కట్టివేసితిని. అది త్రాడు తెంపుకొని పరుగెత్తి బండిక్రింద పడి చచ్చెను. దానికి రెండేండ్లయినను నిండలేదు. నేను వ్రాసికొనిన ప్రసంగము కనికరమును గూర్చినది.

ప్రియులారా, బిలాము తన గాడిదను ముమ్మారు కొట్టెను. అది మొండితనముచేత ఆగలేదు. అతనికి కనబడని దూతను చూచి ఆగెను. దూత అడిగినది మొదట ఆ దెబ్బలను గూర్చియే. బిలాము, తాను తెలియక పాపము చేసితినని ఒప్పుకొనెను. నేనును ఒప్పుకొనుచున్నాను.

మన గ్రామములలో, ఏదో యొక యింటి వెనుకగదిలో, మనకు కనబడని భయమును చూచి కేకలువేయు తల్లియో తమ్ముడో ఉండవచ్చును. దయ్యమని వారిని కొట్టకుడి, కట్టివేయకుడి. మానసిక రోగులను గొలుసులతో బంధించుటను 2017 నాటి చట్టము నిషేధించుచున్నది. ప్రార్థించుడి, వైద్యునియొద్దకును తీసికొనిపొండి. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలో ఇట్టివారికొరకే ప్రభుత్వ వైద్యశాల యున్నది. పౌలునకు ప్రియుడైన లూకా వైద్యుడే గదా. చికిత్స అవిశ్వాసము కాదు.

నా చేతి దెబ్బను నేను వెనుకకు తీసికొనలేను. మీ చెయ్యి యింకను లేవలేదేమో; దానిని దించుడి. పిచ్చుకలలో ఒక్కదానినైనను మరువని తండ్రి మనకు కనికరముగల కన్నులను దయచేయును గాక. ఆమేన్.